రోలర్ శాడిల్ బ్రిడ్జ్: ఏ గిటార్‌కు అవసరం, ఏ రకం ఎంచుకోవాలి

ఎలక్ట్రిక్ గిటార్‌ను సొంతంగా కట్టుకునేవారు విడిభాగాల జాబితా రాసుకునేటప్పుడు రోలర్ శాడిల్ బ్రిడ్జ్‌ను మామూలు బ్రిడ్జ్ కంటే ఒక మెట్టు పైనున్న వస్తువుగా భావించి చేర్చుకోవడం తరచుగా కనిపిస్తుంది. బ్రిడ్జ్ అంటే బాడీ మీద తీగలు ఆనే భాగం, శాడిల్ అంటే అందులో ఒక్కొక్క తీగ ఆనే ముక్క; ఆ ముక్కలో తిరిగే చిన్న చక్రం ఉంటే అది రోలర్ శాడిల్. నిజానికి రోలర్ చేసే పని ఒక్కటే. శాడిల్ మీదుగా తీగ ముందుకూ వెనక్కూ జరిగినప్పుడు కలిగే రాపిడిని తగ్గించి, తీగ తన పాత చోటికి తిరిగి చేరేలా చూస్తుంది. తీగ ఆ చోట జరగనే జరగని గిటార్‌లో రోలర్‌కు చేయడానికి పనేమీ ఉండదు. అందువల్ల ఏ కంపెనీ బ్రిడ్జ్ కొనాలన్న ఆలోచనకు ముందే, తీగలు వెనుక ఎక్కడ, ఎలా బిగుస్తాయన్నది తేల్చుకోవాలి.

స్ట్రాటోకాస్టర్‌తో పాటు 1954లో వచ్చిన ఫెండర్ ట్రెమోలోను (చేతితో నొక్కి తీగల శ్రుతిని ఊపే అమరిక) చూస్తే, అందులో శాడిళ్లూ, తీగల చివరలు ఇమిడే లోహపు దిమ్మా ఒకే పలకకు అమరి ఉండి కలిసే ఊగుతాయి కనుక, శాడిల్‌కూ తీగకూ మధ్య జరుగుబాటు దాదాపు ఉండదు. ఫ్లాయిడ్ రోజ్ రకంలో తీగ శాడిల్‌లోనే బిగించి ఉంటుంది. ఈ రెండింటిలోనూ రోలర్ మాటే అనవసరం. కదలని స్టాప్ టెయిల్‌పీస్ (తీగల వెనుక చివరలు బిగిసే భాగం) ఉన్న గిటార్‌లో తీగను బెండ్ చేసినప్పుడు, అంటే వేలితో పక్కకు లాగినప్పుడు, శాడిల్ మీద కొద్దిపాటి జరుగుబాటు ఉంటుంది గాని, సరిగ్గా గాడి తీసిన మామూలు శాడిల్ దానిని ఇబ్బంది లేకుండా తట్టుకుంటుంది. బ్రిడ్జ్ ఒకచోట స్థిరంగా నిలబడి, దాని వెనుక టెయిల్‌పీస్ మాత్రమే కదిలే అమరికలలోనే రోలర్‌కు అసలు పని దొరుకుతుంది. బిగ్స్‌బీ, డ్యూసెన్‌బర్గ్ ట్రెమోలా, జాజ్‌మాస్టర్ తరహా తేలియాడే ట్రెమోలో ఈ కోవలోకి వస్తాయి. కాలర్ ట్రెమోలో కూడా ఇలాంటిదే అయినా, దానికి రోలర్ శాడిళ్లు పుట్టుకతోనే అమరి వస్తాయి కనుక విడిగా బ్రిడ్జ్ ఎంచుకునే పని ఉండదు.

రాపిడి లెక్క

తీగ బిగువులో ఒక్క శాతం తేడా వస్తే శ్రుతిలో సుమారు 8 లేదా 9 సెంట్ల తేడా వస్తుంది. సెమిటోన్‌కు నూరు సెంట్లు. ట్రెమోలో చేతిని నొక్కి వదిలాక శాడిల్ దగ్గర తీగ రవ్వంత పట్టుకుపోయినా, శాడిల్‌కు ఇవతలి బిగువు, అవతలి బిగువు సమం కాకుండా ఆగిపోతాయి. ఆ అసమానత ఒక శాతం ఉన్నా చెవికి తెలుస్తుంది. శాడిల్ మీద తీగ ఎంత కోణంలో కిందికి వంగితే అంతగా ఒత్తిడి పెరుగుతుంది, దానితో రాపిడీ పెరుగుతుంది; కోణం రెట్టింపైతే రాపిడి కూడా ఇంచుమించు రెట్టింపవుతుంది. ముందువైపు కడ్డీ ఉన్న బిగ్స్‌బీ బి5, బి7 రకాలలో తీగ ఆ కడ్డీ కిందుగా దూరి రావడం వల్ల ఈ కోణం ఎక్కువగా ఉంటుంది. కడ్డీ లేని బి3, బి6 రకాలలో కోణం తక్కువ. కాబట్టి రోలర్ వల్ల కలిగే లాభం మొదటి రెండింటిలో స్పష్టంగా కనిపిస్తుంది. అయితే అక్కడ ఆ కడ్డీ దగ్గర కూడా రాపిడి ఉంటుందని, ఆరు తీగలకూ అది ఒకటే కడ్డీ అని, ఒక్కొక్క తీగ ఒక్కో దూరం జరగాలనుకుంటుందని గుర్తుంచుకుంటే, బ్రిడ్జ్ ఒక్కటే మార్చి అద్భుతాలు ఆశించడం తగ్గుతుంది.

రోలర్ అంటే రాపిడి లేనిదని అర్థం కాదు. తీగ కింద ఉండే రాపిడి ఇరుసు దగ్గరికి మారుతుంది, అంతే. ఇరుసు ఎంత సన్నగా, రోలర్ ఎంత పెద్దగా ఉంటే ఆ రాపిడి ప్రభావం అంత తగ్గుతుంది. ఉదాహరణకు రోలర్ అడ్డకొలత 6 మి.మీ., ఇరుసు 2 మి.మీ. అనుకుంటే, లోహాల జత ఒకటే అయినప్పటికీ తీగకు ఎదురయ్యే నిరోధం మూడో వంతుకు దిగుతుంది. అదే రోలర్‌లో ఇరుసు 4 మి.మీ. ఉంటే లాభం బాగా కుంచించుకుపోతుంది. చవక బ్రిడ్జ్‌లలో చిన్న రోలర్‌కు లావుపాటి ఇరుసు ఉండటం, పైగా పూత పొర బెజ్జంలోకి కూడా చేరి రోలర్ బిగిసిపోవడం సాధారణ లోపాలు. తీగలు ఎక్కించక ముందు ప్రతి రోలర్‌నూ వేలి కొసతో తిప్పి చూడాలి. ఆరింటిలో ఒక్కటి తిరగకపోయినా ఆ తీగకు అది మామూలు శాడిల్ కిందే లెక్క. స్వేచ్ఛగా తిరుగుతూ పక్కలకు ఊగిసలాడే రోలర్ కూడా మంచిది కాదు. దాని సంగతి ధ్వని దగ్గర చెబుతాను.

ట్యూన్-ఓ-మాటిక్ తరహా రోలర్ బ్రిడ్జ్‌లు

మార్కెట్లో దొరికే రోలర్ బ్రిడ్జ్‌లలో ఎక్కువ భాగం ఈ తరహావే. గిబ్సన్ సంస్థ 1954 లెస్ పాల్ కస్టమ్ మీద తెచ్చిన ట్యూన్-ఓ-మాటిక్ రూపాన్నే ఇవి అనుసరిస్తాయి: రెండు స్తంభాల మీద ఒక అడ్డ దిమ్మె, అందులో ఆరు శాడిళ్లు, స్తంభాల మీది చక్రాలతో మొత్తం ఎత్తు సవరించుకునే వీలు. బయటికి చూస్తే అన్నీ ఒకేలా కనిపించే ఈ బ్రిడ్జ్‌ల మధ్య అసలు తేడాలు వంపు (తీగల వరుస అడ్డంగా ఎంత వ్యాసార్థపు వృత్తంలో వంగి ఉంటుందన్నది), తీగల ఎడం, స్తంభాల మర, ఇంటోనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గరా శ్రుతి సరిగ్గా పలికేలా తీగ పొడవు సవరించడం) జరుగుబాటు అనే నాలుగు చోట్ల ఉంటాయి. నా దృష్టిలో వీటిలో వంపు అన్నిటికంటే ముఖ్యమైనది, కొనేవారు అన్నిటికంటే తక్కువగా పట్టించుకునేది కూడా అదే.

మామూలు ట్యూన్-ఓ-మాటిక్‌లో వంపు సరిపోకపోతే ఆకురాయి తీసుకుని గాడిని కాస్త లోతు చేసి సర్దుకోవచ్చు. రోలర్‌కు ఆ అవకాశం లేదు. దాని గాడి ఫ్యాక్టరీలో తీసినదే, దానిని అరగదీస్తే గుండ్రదనం పోయి రోలర్ పనికిరాకుండా పోతుంది. ఈ తరహా బ్రిడ్జ్‌లలో అధిక శాతం 12 అంగుళాల వంపుకు తయారైనవి. ఫింగర్‌బోర్డ్ కూడా 12 అంగుళాలదైతే సమస్య లేదు. పాత ఫెండర్ నమూనాలో 7.25 అంగుళాల వంపుతో మెడ చేయించుకున్నవారి సంగతి చూద్దాం. బ్రిడ్జ్ దగ్గర రెండు చివరి తీగల మధ్య 52 మి.మీ. ఎడం ఉందనుకుంటే, 12 అంగుళాల వంపులో నడిమి డి, జి తీగలు చివరి ఇ తీగల కంటే సుమారు 1.1 మి.మీ. ఎత్తున ఉంటాయి, 7.25 అంగుళాల వంపుకు అవి దాదాపు 1.8 మి.మీ. ఎత్తున ఉండాలి. అంటే చివరి తీగలను సరైన ఎత్తులో పెట్టేసరికి నడిమి తీగలు బ్రిడ్జ్ దగ్గర 0.7 మి.మీ. కిందికి దిగిపోతాయి. 12వ ఫ్రెట్ దగ్గర ఆ తేడా సగమే అయినా, తీగ ఫ్రెట్లకు తగిలి జీరపోవడానికి అది చాలు. 9.5 అంగుళాల మెడకు ఈ లోటు సుమారు 0.3 మి.మీ., చాలామంది దానితో సర్దుకుపోగలరు. 16 అంగుళాల చదునైన మెడకు లెక్క తిరగబడి నడిమి తీగలే అంతే మేర ఎత్తుగా ఉంటాయి. కాబట్టి 12 అంగుళాలకు దూరంగా ఉన్న ఏ మెడకైనా ప్రతి శాడిల్‌నూ విడిగా పైకీ కిందికీ సవరించుకోగల బ్రిడ్జ్‌నే చూసుకోవడం మంచిది.

తీగల ఎడం విషయంలో షాలర్ రోలర్ బ్రిడ్జ్‌కు ఒక సౌకర్యం ఉంది. అందులో రోలర్లను పక్కలకు జరుపుకోవచ్చు కనుక ఒక్కొక్క తీగ చోటును విడిగా నిర్ణయించుకోగలం. మెడ చివర ఫింగర్‌బోర్డ్ అంచుకు తీగ మరీ దగ్గరైనప్పుడు, లేదా పికప్ (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) ధ్రువాల మీదుగా తీగలు సరిగ్గా సాగనప్పుడు, ఈ సవరణ ఎంత ఉపయోగమో కట్టినవారికి తెలుస్తుంది. ఎడం స్థిరంగా ఉండే చవక రకాలు దాదాపు 50 నుంచి 52 మి.మీ. మధ్య ఉంటాయి, స్ట్రాటోకాస్టర్ పాత కొలత 56 మి.మీ. పైచిలుకు. ఆ వెడల్పుకు చేసిన మెడకూ పికప్‌లకూ 50 మి.మీ. బ్రిడ్జ్ తగిలిస్తే తీగలు లోపలికి ముడుచుకుపోయినట్టు కనిపిస్తాయి, చేతికీ అలాగే అనిపిస్తాయి.

స్తంభాల మర గురించి క్లుప్తంగా చెబుతాను. గిబ్సన్ ఏబీఆర్-1 రకానికి అంగుళాల కొలతలో 6-32 మర ఉన్న సన్నని స్తంభాలు నేరుగా చెక్కలోకి దిగుతాయి. నాష్‌విల్ రకానికి చెక్కలో బుషింగ్‌లు (లోపల మర ఉన్న లోహపు గొట్టాలు) దించి వాటిలో స్తంభాలు బిగిస్తారు. మెట్రిక్ కొలతలో వచ్చే వాటికి సన్నవైతే ఎం4, లావువైతే ఎం8 మరలు సాధారణం. స్తంభాల నడిమి దూరం ఎక్కువ వాటిలో 74 మి.మీ. అయినా, ఒక తయారీకీ మరొకదానికీ కొద్దిగా తేడా రావచ్చు. ఇప్పటికే బెజ్జాలున్న బాడీకి బ్రిడ్జ్ కొంటుంటే ఆ దూరాన్ని కాలిపర్‌తో కొలిచిన తరువాతే కొనాలి. కొత్త బాడీ అయితే బ్రిడ్జ్ చేతికొచ్చేవరకూ డ్రిల్ ముట్టుకోకపోవడమే మేలు.

ఇంటోనేషన్ జరుగుబాటు దగ్గర రోలర్ బ్రిడ్జ్ కొంత వెనుకబడుతుంది. రోలర్‌నూ ఇరుసునూ మోయవలసి రావడం వల్ల శాడిల్ లావుగా ఉంటుంది, దిమ్మెలో అది జరగగల చోటు ఆ మేరకు తగ్గుతుంది. మామూలు శాడిల్‌లో తీగ ఆనే అంచు ఒక పక్కకు ఉంటుంది కనుక, చాలనప్పుడు శాడిల్‌ను తిప్పి బిగించి ఒకటి రెండు మిల్లీమీటర్లు సంపాదించవచ్చు. రోలర్‌లో తీగ నడిమి మీదే ఆనుతుంది కాబట్టి తిప్పినా ఒరిగేదేమీ లేదు. అందువల్ల స్తంభాల స్థానం మామూలు కంటే జాగ్రత్తగా గుర్తించాలి: బ్రిడ్జ్‌ను ఏటవాలుగా ఉంచాలి, లావు తీగ వైపు స్తంభం సన్న తీగ వైపు దానికంటే సుమారు 3 మి.మీ. వెనక్కి ఉండాలి, సన్న ఇ తీగ శాడిల్ తన జరుగుబాటులో ముందు భాగాన ఉన్నప్పుడే స్కేల్ పొడవు (తీగ మోగే భాగపు పొడవు) సరిపోవాలి. స్కేల్ 628 మి.మీ. అయినా 648 మి.మీ. అయినా ఈ పద్ధతి మారదు.

ఈ తరహాకు మెడ కోణం కూడా కావాలి. ట్యూన్-ఓ-మాటిక్ ఆకృతి బాడీ మీద 15 మి.మీ. పైచిలుకు ఎత్తున నిలబడుతుంది. లెస్ పాల్ తరహాలో మెడను సుమారు 3 నుంచి 4 డిగ్రీలు వెనక్కి వంచి అమర్చడం దీనికోసమే. మెడను చదునుగా బోల్టులతో బిగించే టెలికాస్టర్ తరహా బాడీ మీద ఈ బ్రిడ్జ్ పెట్టాలంటే బాడీలో గుంట తీసి దానిని లోపలికి దించాలి, లేదా మెడ పాకెట్‌లో కోణం చెక్కాలి. ఆ రెండూ ఇష్టం లేనివారు ఈ రకాన్ని మొదటే వదిలేయడం సబబు.

మిగిలిన రకాలు

గ్రెచ్ గిటార్ల మీద 1950ల చివరి నుంచి కనిపించే స్పేస్ కంట్రోల్ బ్రిడ్జ్ రోలర్ బ్రిడ్జ్‌లలో పాతకాపు. దానిలో ఆరు చక్రాలు మర ఉన్న ఇరుసు మీద కూర్చుని ఉంటాయి, వాటిని తిప్పి ఒక్కొక్క తీగను పక్కకు జరుపుకోవచ్చు. విడి విడి తీగలకు ఇంటోనేషన్ సవరించుకునే వీలు మాత్రం లేదు. మొత్తం బ్రిడ్జ్‌ను ఏటవాలుగా జరిపి రాజీపడాలి. సన్న జి తీగ వాడేవారికి, 12వ ఫ్రెట్ దాటి పైన వాయించేవారికి ఆ రాజీ చెవికి గుచ్చుకుంటుంది. లావైన తీగలతో, బోలు బాడీ మీద తేలియాడే చెక్క పీఠంతో, బిగ్స్‌బీతో పాతకాలపు ధ్వని కోరుకునేవారికి అది ఇప్పటికీ చక్కని ఎంపికే. అయితే తేలియాడే పీఠాన్ని జరగకుండా సన్నని మేకులతో నిలిపి ఉంచితే తప్ప, ట్రెమోలో వాడకంలో అది మెల్లగా పక్కకు పోతుంది.

షాలర్ 3డి-6 వంటి చదును పలక బ్రిడ్జ్‌లలో రోలర్ శాడిళ్లను ఎత్తు, ఇంటోనేషన్, ఎడం అనే మూడు దిక్కులా సవరించుకోవచ్చు. మెడ కోణం లేని గిటార్‌కు ఇవి సులభంగా కుదురుతాయి, పైన చెప్పిన వంపు సమస్య పూర్తిగా తీరుతుంది. తీగ అదే పలకకు వెనుక బిగిసి ఉంటుంది కనుక ఇక్కడ రోలర్ శ్రుతిని కాపాడేది తక్కువ. సవరణల కోసం, చేతి అడుగున నున్నగా ఉండటం కోసం దీనిని ఎంచుకోవచ్చు గాని, శ్రుతి నిలకడ కోసం అదనంగా డబ్బు పెట్టవలసిన పని లేదు.

రోలర్ వాడకుండానే అదే ఫలితం సాధించే దారులు రెండున్నాయి. 1958 జాజ్‌మాస్టర్, 1962 జాగ్వార్ మీద ఫెండర్ బ్రిడ్జ్‌నే ముందుకూ వెనక్కూ ఊగేలా చేసింది. తీగతో పాటు బ్రిడ్జ్ వాలుతుంది కనుక శాడిల్ మీద రాపిడే పుట్టదు. రెండోది గ్రాఫ్ టెక్ స్ట్రింగ్ సేవర్ వంటి, జారుడు గుణమున్న పదార్థం కలిపిన శాడిళ్లు. ఇవి మామూలు ట్యూన్-ఓ-మాటిక్‌లో అమరుతాయి, గాడి లోతును మనమే నిర్ణయించుకోవచ్చు, కదిలే భాగాలు లేవు కనుక గలగలలూ ఉండవు. 12 అంగుళాలు కాని మెడ, మితంగా వాడే బిగ్స్‌బీ కలిసిన గిటార్‌కు రోలర్ కంటే ఇవే ముందు పరీక్షించదగినవని నా అభిప్రాయం.

ఊగే బ్రిడ్జ్, రోలర్ రెండూ కలపడం మాత్రం తగదు. స్తంభాల మీద వదులుగా కూర్చున్న రోలర్ బ్రిడ్జ్‌లో తీగ లాగినప్పుడు ముందు దిమ్మె వాలుతుంది, తరువాత రోలర్ తిరుగుతుంది. వెనక్కి వచ్చేటప్పుడు ఆ రెండూ అదే వరుసలో తిరిగి వస్తాయన్న భరోసా లేదు. రోలర్ వాడుతున్నప్పుడు దిమ్మెను స్తంభాలకు మరలతో బిగించే లాకింగ్ రకం ఎంచుకోవాలి, లేదా స్తంభం దిమ్మెలో కదలకుండా గట్టిగా కూర్చునేదై ఉండాలి. దీనికి భిన్నంగా, రోలర్ లేని మామూలు బ్రిడ్జ్‌తో బిగ్స్‌బీ వాడేవారికి సన్నని ఏబీఆర్-1 స్తంభాల మీది ఆ కొద్దిపాటి వాలుడే మేలు చేస్తుంది. వారు దానిని లాక్ చేస్తే రాపిడి పెరుగుతుంది.

ధ్వని, గలగల

రోలర్ వల్ల సస్టైన్ (మీటిన తీగ మోగుతూ నిలిచే కాలం) తగ్గుతుందనే మాట చాలాచోట్ల వినిపిస్తుంది. బాగా తయారైన రోలర్‌లో ఇరుసు, దిమ్మె బిగువుగా ఉంటే ఆ తేడా పికప్ ఎత్తును కాస్త మార్చినప్పుడు వచ్చే తేడా కంటే పెద్దదని నేను అనుకోను. ఫిర్యాదులకు అసలు కారణం వదులు. ఇరుసుకూ బెజ్జానికీ మధ్య ఖాళీ ఎక్కువైతే రోలర్ తీగతో పాటు వణుకుతుంది, తీగ మోగుతుంటే సితార్‌లో వినిపించే జవారీ వంటి జుంయ్‌మనే ధ్వని వెంట వస్తుంది. గాడి మరీ వెడల్పైనా సన్న తీగ అందులో నిలకడగా కూర్చోక అదే ధ్వని పుడుతుంది. లావు ఇ తీగకు సరిపోయే గాడి సన్న ఇ తీగకు సరిపోదు కనుక, ఆరు రోలర్లకూ ఒకే గాడి తీసిన బ్రిడ్జ్ కంటే తీగను బట్టి గాడి మార్చిన బ్రిడ్జ్ మేలు. తీగ మరీ తక్కువ కోణంలో వంగినా గాడిలో గట్టిగా ఆనదు, గట్టిగా మీటితే పక్కకు జారిపోతుంది. కాబట్టి కోణం తక్కువైతే రాపిడి తగ్గుతుందన్న లెక్కను అతిగా సాగదీయకూడదు.

లోహం విషయంలో ఎక్కువ చర్చ అక్కరలేదు. ఉక్కు రోలర్ నిదానంగా అరుగుతుంది, ఇత్తడి రోలర్‌కు చుట్ట తీగల (సన్న తంతి చుట్టిన లావు తీగల) వల్ల గాడులు పడతాయి. ట్రెమోలో వాడకంలో తీగ ఒక మిల్లీమీటరు జరిగితే 6 మి.మీ. రోలర్ తిరిగేది దాదాపు 19 డిగ్రీలే కనుక, అరుగుదల అంతా చుట్టుకొలతలో ఒకే చోట పడుతుంది. తీగలు మార్చిన ప్రతిసారీ రోలర్‌ను కొంత తిప్పి కొత్త భాగాన్ని పైకి తెస్తే ఎక్కువ కాలం వస్తుంది. ఇరుసుకు పలుచని నూనె ఒక్క చుక్క చాలు. ఎక్కువైతే ధూళి చేరి, రోలర్ తిరగడం మానేస్తుంది.

ఏ గిటార్‌కు ఏది

12 అంగుళాల మెడ, లెస్ పాల్ తరహా కోణం, కడ్డీ ఉన్న బిగ్స్‌బీ అయితే నేను సూచించేది లాకింగ్ స్తంభాలు, జరిపే రోలర్లు ఉన్న ట్యూన్-ఓ-మాటిక్ తరహా బ్రిడ్జ్. దీనిలో చవక రకంతో సరిపెట్టుకుంటే మామూలు బ్రిడ్జ్ కంటే హీనమైన ఫలితం కూడా రావచ్చు కనుక, డబ్బు తక్కువైనప్పుడు నాణ్యమైన మామూలు ట్యూన్-ఓ-మాటిక్‌నే కొని గాడులు శ్రద్ధగా తీయించుకోవడం నయం. 7.25 లేదా 9.5 అంగుళాల మెడకు కదిలే టెయిల్‌పీస్ పెట్టేవారు ఎత్తు విడిగా సవరించుకోగల రోలర్ శాడిళ్ల కోసం వెతకాలి, దొరకకపోతే ఊగే బ్రిడ్జ్ వైపు వెళ్లాలి. స్టాప్ టెయిల్‌పీస్ గిటార్‌కు రోలర్ అక్కరలేదు. ఆ డబ్బు నట్ (మెడ పై చివర తీగలు ఆనే గాడుల పట్టీ) మీద పెట్టడం ఉత్తమం.

ఎందుకంటే శ్రుతి తప్పడానికి బ్రిడ్జ్ కంటే నట్టే తరచుగా కారణమవుతుంది. బ్రిడ్జ్ కొనే ముందు ఒక పరీక్ష చేయవచ్చు: ట్రెమోలోను కిందికి నొక్కి వదిలాక తీగ శ్రుతి తగ్గి ఆగితే, నట్‌కూ శాడిల్‌కూ మధ్యనున్న తీగను వేలితో కొద్దిగా పైకి లాగి వదలాలి, తరువాత శాడిల్ వెనుక భాగాన్ని నొక్కి వదలాలి, చివరికి నట్ వెనుక భాగాన్ని నొక్కాలి. చివరి రెండింటిలో ఏ చోట నొక్కినప్పుడు శ్రుతి మారుతుందో తీగ పట్టుకుపోతున్నది ఆ చోటే. శాడిల్ వెనుక నొక్కినప్పుడు మారితేనే రోలర్ బ్రిడ్జ్ ఆ గిటార్‌కు పనికొస్తుంది. నట్ వెనుక మారితే ముందు నట్ గాడులు సరిచేసి, తరువాత మళ్లీ అదే పరీక్ష చేసి చూడాలి.